ఒడ్డు ఎంత జరిగింది? మీ ఊరి సముద్రాన్ని, నదిని మీరే కొలిచే పద్ధతి

ప్రతి తుపానుకీ ఉప్పాడ టీవీలో కనిపిస్తుంది. బీచ్ రోడ్డు మీదకి ఎగిరిపడే కెరటాలు, సగం కూలిన ఇళ్ళు, రోడ్డంతా చెల్లాచెదురైన బండరాళ్ళు. నాలుగు రోజులు చూపిస్తారు, మళ్ళీ తుపాను వచ్చేదాకా ఆ ఊసుండదు. అంతర్వేది పల్లిపాలెంలో సముద్రం ముందుకొచ్చినా, కోనసీమ లంకల్లో కొబ్బరి చెట్లు గోదాట్లో పడిపోయినా ఇదే వరస. ఎంత పోయింది, ఎప్పటి నుంచి పోతోంది, ఎందుకు పోతోంది అని అడిగితే మాత్రం ఊళ్ళో ఎవరి దగ్గరా కాగితం మీద జవాబు దొరకదు. "చాలా పోయిందండీ" అంటారు. నిజమే, పోయింది. కానీ చాలా అంటే ఎంతో చెప్పలేకపోతే ఆఫీసులో ఆ మాట నిలబడదు, గోడ కట్టమని అడగాలో వద్దో తేల్చుకోవడానికీ పనికిరాదు.

ఆ లెక్క మనమే కట్టుకోవచ్చు. ఒక కంప్యూటర్, యాభై మీటర్ల టేపు, రెండు కర్రలు, ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చునే ఓపిక ఉంటే చాలు. నేను కాకినాడ, కోనసీమ తీరాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే నది, సముద్రం, మనిషి ముగ్గురి పనితనం ఇంత దగ్గర దగ్గరగా కనిపించే చోటు మన దగ్గర ఇంకోటి లేదు. పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ముందు ఇసుక సంగతి తెలుసుకోండి

కొలవడానికి వెళ్ళేముందు ఇది బుర్రలో ఉండాలి, లేకపోతే చేతిలో అంకెలు ఉంటాయి గానీ వాటి అర్థం తెలీదు. ఒడ్డు అంటే కదలని గీత కాదు. నది తెచ్చి పోసే ఇసుక, కెరటాలు ఎత్తుకుపోయే ఇసుక, ఈ రెండింటి మధ్య తేడానే మనకి ఒడ్డుగా కనిపిస్తుంది.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. జూన్ చివర్లోనో జూలైలోనో ఎర్రనీళ్ళు వచ్చాయంటే ఆ ఎరుపంతా ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రే. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి, ఆ మట్టినీ ఇసుకనీ మొగల దగ్గర సముద్రానికి అప్పజెబుతుంది. అక్కడి నుంచి కెరటాల పని మొదలవుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని కొడతాయి, ఇసుక అంగుళం అంగుళంగా ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి, దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం చూసుకుంటే మన తీరంలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం చిక్కుముళ్ళు విడిపోతాయి: మీ ఊరి ఒడ్డున ఉన్న ఇసుక చాలావరకు మీకు దక్షిణాన ఉన్న ఊరి మీదుగా వచ్చింది, రేపు మీకు ఉత్తరాన ఉన్న ఊరికి పోతుంది.

కాబట్టి ఎగువన నది తెచ్చేది తగ్గినా, దారిలో ఎవరైనా ఆపినా, తుపాను వచ్చి ఒక్కసారిగా లోపలికి ఎత్తుకుపోయినా ఒడ్డు కదులుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండేది, 2000 తర్వాత ఏళ్ళలో 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం, 1960ల చివర్లో 90 లక్షల టన్నులు ఉన్నది నాలుగు లక్షల టన్నుల దగ్గరికి వచ్చేసింది. వానలు ఆగిపోలేదు, నీళ్ళ వెంట రావాల్సిన మట్టి రిజర్వాయర్ల అడుగున కూర్చుంటోంది. జయక్వాడి, శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇవన్నీ మనకి అన్నం పెట్టినవే, వాటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ దానికి మనం చెల్లిస్తున్న ధర ఎక్కడో ఉప్పాడలోనో, నాగాయలంక కింద ఉన్న దిబ్బల్లోనో మత్స్యకారుల ఇళ్ళ రూపంలో పోతోందని చెప్పుకోవాలి కదా.

కదలని గుర్తు ఒకటి పట్టుకోండి

పని ఇక్కడ మొదలవుతుంది. ఒడ్డు నుంచి కొంచెం లోపలికి, ఇరవై ముప్ఫై ఏళ్ళుగా ఉన్న చోటే ఉన్న వస్తువు ఏదైనా చూడండి. గుడి, చర్చి, లైట్ హౌస్, కల్వర్టు, స్కూలు బిల్డింగు మూల, ఇలాంటివి. చెట్టు వద్దు, కరెంటు స్తంభం అసలే వద్దు, వాటిని మారుస్తుంటారు. ఆ గుర్తు నుంచి సముద్రం వైపు నేరుగా ఒక గీత అనుకోండి. ఇక మీ కొలతలన్నీ ఆ గీత మీదే. ఒక్క గీత సరిపోదు, ఊరికి అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, మధ్యలో ఒకటి ఉండాలి, ఎందుకంటే ఒకే ఊళ్ళో ఒక వైపు కోత పడి ఇంకో వైపు మేట వేయడం మామూలే.

ఆ తర్వాత గూగుల్ ఎర్త్ ప్రో. ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో, ఉచితమే. పైన గడియారం బొమ్మ నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలు వస్తాయి, జరుపుకుంటూ వెనక్కి వెళ్ళొచ్చు. రూలర్ టూల్‌తో మీ గుర్తు నుంచి ఒడ్డు దాకా కొలిచి, ఫొటో తేదీతో సహా ఒక పుస్తకంలో రాయండి. 2000ల మొదటి నుంచి చాలా చోట్ల ఇల్లిల్లూ కనిపించేంత స్పష్టమైన ఫొటోలు దొరుకుతాయి. అంతకు ముందువి మసకగా ఉంటాయి, అవి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసినవి, వాటిలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు. అంటే 1990 ఫొటోలో చూసి "15 మీటర్లు పోయింది" అంటే ఆ మాటకి విలువ లేదు. అరవై డెబ్భై మీటర్లు జరిగితే అప్పుడు నమ్మండి. 2015 తర్వాత సెంటినెల్-2 చిత్రాలు ఉన్నాయి, చుక్క 10 మీటర్లు, కొన్ని రోజులకోసారి కొత్త ఫొటో వస్తుంది, కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా చూడొచ్చు. తుపానుకి వారం ముందు, వారం తర్వాత పోల్చడానికి ఇంతకన్నా మంచిది లేదు. మన ఇస్రో వాళ్ళ భువన్ కూడా ఓసారి తెరిచి చూడండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు ఉన్నాయి, చాలామంది లెక్కలు వీటి దగ్గరే దెబ్బతింటాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒకటి, ఫొటోలే కాస్త అటూ ఇటూ జరిగి ఉంటాయి. 2006 ఫొటోలో గుడి గోపురం మీద పిన్ను పెట్టి 2016 ఫొటోకి వెళ్ళండి, పిన్ను గోపురం మీద కాకుండా పక్కన ఎనిమిది మీటర్ల దూరంలో కనిపించొచ్చు. గుడి కదల్లేదు కదా, ఫొటో కదిలింది. అందుకే దూరం ఎప్పుడూ ఆ ఫొటోలోని గుడి నుంచే కొలవాలి, పాత పిన్ను నుంచి కాదు.

రెండోది ఆటుపోట్లు. కాకినాడ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ (నీళ్ళు పైకొచ్చే వేళ) పాటుకీ (నీళ్ళు దిగే వేళ) మధ్య నీటిమట్టం తేడా దాదాపు మీటరున్నర దాకా ఉంటుంది. ఇసుక ఒడ్డు ఇరవై మీటర్లకి ఒక మీటరు చొప్పున వాలుగా ఉందనుకుంటే, అదే రోజు ఉదయానికీ మధ్యాహ్నానికీ నీటి అంచు 30 మీటర్లు జరుగుతుంది. ఒక ఫొటో పోటులో, ఇంకోటి పాటులో తీసి ఉంటే, ఏమీ జరగని చోట కూడా 30 మీటర్ల కోత కనిపిస్తుంది! కాబట్టి నీటి అంచుని నమ్ముకోకండి. పచ్చదనం మొదలయ్యే అంచు చూడండి, అంటే ఇసుక మీద పాకే అడంబి తీగలు, సరుగుడు తోట, తాటి చెట్ల వరస. అది పోటు రోజూ చేరే చోటుకి పైన ఉంటుంది, త్వరగా మారదు. ఒడ్డున స్వయంగా కొలిచేటప్పుడైతే, పోటు వదిలిపెట్టి వెళ్ళిన చెత్త, నాచు, గవ్వల గీత ఉంటుంది చూడండి, అదీ పనికొస్తుంది.

మూడోది కాలం. తుపాను కోసిన ఇసుకలో కొంత మళ్ళీ మెల్లగా ఒడ్డుకి చేరుతుంది, దానికి కొన్ని నెలలు పడుతుంది. డిసెంబర్ ఫొటోని ఏప్రిల్ ఫొటోతో పోలిస్తే తప్పుదారి పడతారు. మార్చితో మార్చినే పోల్చండి. నది దగ్గరైతే ఇది ఇంకా ముఖ్యం, ఆగస్టు గోదావరి వేరు, మే గోదావరి వేరు.

పాత పటాలు, పెద్దవాళ్ళ జ్ఞాపకం

ఉపగ్రహాలు రాకముందు కాలానికి పటాలే దిక్కు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ ఓపెన్ సిరీస్ పటాలు వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే ఉచితంగా దొరుకుతాయి, 1:50,000 స్కేలు. అమెరికా సైన్యం మ్యాప్ సర్వీస్ 1950ల్లో భారతదేశం మొత్తానికీ 1:2,50,000 స్కేలులో వేసిన షీట్లు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉన్నాయి. ఆ రెండో రకం పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు, పెన్సిల్ గీత మందమే వంద మీటర్లు మింగేస్తుంది. అందుకని వాటితో ఊరి ఒడ్డు కొలవకండి, మొగ ఎక్కడుండేది, పాయ ఎటు తిరిగేది, దిబ్బ ఎంత పొడవుండేది అనే పెద్ద సంగతులకి వాడండి.

మన వాళ్ళు పట్టించుకోని ఇంకో పటం రెవెన్యూ వాళ్ళ ఊరి నక్ష. సర్వే నంబర్ల వారీగా గట్లు గీసి ఉంటుంది, ఎఫ్ఎంబీ అనే కొలతల పుస్తకంలో ఒక్కో పొలం కొలతలు ఉంటాయి. లంక గ్రామాల్లో, తీరం ఊళ్ళలో నక్ష తీసుకెళ్ళి నేల మీద నిలబడితే కొన్ని సర్వే నంబర్లు నీళ్ళలో ఉంటాయి. పట్టాదారు పేరు ఉంటుంది, పాస్‌బుక్ ఉంటుంది, భూమి ఉండదు. ఆ నీళ్ళలో ఉన్న నంబర్ల జాబితా రాసుకుంటే అంతకు మించిన సాక్ష్యం ఇంకోటి అక్కర్లేదు, ఎందుకంటే అది ప్రభుత్వం తయారు చేసిన కాగితమే.

పెద్దవాళ్ళని అడగడంలో ఒక పద్ధతి ఉంది. "తాతా, సముద్రం ఎంత ముందుకొచ్చింది?" అని అడిగితే చెయ్యి అలా చాపి "అద్దిగో, అక్కడుండేది" అంటారు. దాంతో ఏం చేయలేం. అలా కాకుండా ఏదో ఒక సంఘటన పట్టుకుని అడగండి. "తాతా, 96 తుపానప్పుడు మీ ఇంటికీ సముద్రానికీ మధ్య ఎన్ని వీధులుండేవి?" "సునామీ వచ్చిన ఏడాది వలలు ఎక్కడ ఆరబెట్టుకునేవారు?" "మామ్మా, నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో మంచినీళ్ళ నుయ్యి ఎక్కడుండేది?" 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన, 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబర్ కోనసీమ తుపాను, 2004 డిసెంబర్ సునామీ, 2014 అక్టోబర్ హుద్‌హుద్, ఇవి అందరికీ తారీఖుల్లాంటివి. వీలైతే వాళ్ళని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళి అక్కడే చూపించమనండి, ఫోన్‌లో ఆ చోటు లొకేషన్ సేవ్ చేయండి. ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడగాలి. అందరూ కలిసి కూర్చుంటే మొదట మాట్లాడిన వాళ్ళ మాటే అందరి మాట అయిపోతుంది. ఆడవాళ్ళని తప్పకుండా అడగండి, నుయ్యి ఎప్పుడు ఉప్పయిందో వాళ్ళకి గుర్తున్నంతగా మగవాళ్ళకి ఉండదు.

ఒడ్డున కళ్ళు పెట్టి చూడాల్సినవి

నడుచుకుంటూ వెళ్తే ఒడ్డే చాలా చెబుతుంది. ఇసుక మీద నిలువుగా కోసినట్టు చిన్న మెట్టు కనిపిస్తే కోత ఈమధ్యే పడింది. వేళ్ళ గుబురు మొత్తం బయటపడి ఒరిగిన తాడిచెట్టో కొబ్బరిచెట్టో ఉంటే, ఆ వేళ్ళకీ ఇప్పటి ఇసుకకీ మధ్య ఎత్తు కొలవండి, అంత ఇసుక పోయినట్టు. నూతి ఒరలు బీచ్ మధ్యలో గొట్టంలా నిలబడి ఉంటే అక్కడ ఒకప్పుడు పెరడు ఉండేదన్నమాట. ఇసుక కింద నల్లటి బంక మట్టి, అందులో మడ చెట్ల మోడులు బయటపడితే ఇంకా పాత కథ: ఒకప్పుడు ఆ చోటు ఒడ్డుకి వెనకాల ప్రశాంతంగా ఉన్న ఉప్పుటేరు, సముద్రం దాని మీదుగా నడిచి వచ్చింది. తుపాను తర్వాత ఒడ్డంతా నల్లగా మెరిసే ఇసుక పొర కనిపిస్తే భయపడకండి, అది చమురు కాదు. తేలికైన తెల్ల ఇసుకని అల ఎత్తుకుపోతే ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలు కదల్లేక మిగిలిపోతాయి. అంటే అక్కడ పైనున్న ఇసుక బాగానే పోయింది.

ఇక వాలు కొలత. దీనికి రెండు కర్రలు చాలు, ఒకటే ఎత్తు, మీటరున్నర, వాటి మీద పై నుంచి కిందికి సెంటీమీటర్లు గీసుకోండి. రెండింటి మధ్య రెండు మీటర్ల తాడు. గుర్తు దగ్గర ఒక కర్ర, దానికి రెండు మీటర్లు సముద్రం వైపు ఇంకో కర్ర, రెండూ నిటారుగా పట్టుకోవాలి. వెనక కర్ర దగ్గర నిలబడిన మనిషి, ముందు కర్ర పై కొస సముద్రం ఆకాశం కలిసే గీతతో కలిసేలా కన్ను దించి చూడాలి. ఆ చూపు వెనక కర్రని ఎక్కడ తాకుతుందో ఆ అంకె చదవండి, రెండు మీటర్లకి నేల అంత పల్లం దిగింది. ముందు నేల ఎత్తుగా ఉంటే తిరగేసి, వెనక కర్ర కొస మీదుగా చూసి ముందు కర్ర మీద అంకె చదవాలి. రాసుకుని, వెనక కర్ర ముందుకొచ్చి నిలబడాలి. అలా పాటు వేళ నీళ్ళ దాకా వెళ్ళండి. గ్రాఫ్ పేపర్ మీద వేస్తే ఒడ్డు అడ్డుకోత బొమ్మ వస్తుంది. నెలనెలా అదే గీత మీద, అమావాస్య దగ్గర్లో పాటు సమయానికి చేయండి. ఆటుపోట్ల వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సైట్‌లో ముందుగానే దొరుకుతాయి, పెద్ద అలల హెచ్చరికలు కూడా వాళ్ళే ఇస్తారు, అవి ఉన్న రోజు ఒడ్డుకి వెళ్ళకండి. ఏ తొమ్మిదో తరగతి పిల్లలకైనా ఈ పని అప్పజెప్పొచ్చు, వాళ్ళు మనకన్నా శ్రద్ధగా చేస్తారు.

నది గట్టయితే

లంకల్లో పని కొంత సులువు, ఎందుకంటే కొబ్బరి తోటే కొలబద్ద. వరసకీ వరసకీ మధ్య సుమారు పాతిక అడుగులు పెడతారు. "ఆరు వరసలు పోయాయండీ" అని రైతు అన్నాడంటే నూట యాభై అడుగులు, సుమారు 45 మీటర్లు. ఏ ఏడాది ఎన్ని వరసలో అడిగి రాయండి. కొత్తగా కొలవాలంటే గట్టు అంచు నుంచి పది, ఇరవై, ముప్ఫై మీటర్ల వెనక్కి రాళ్ళు పాతి ప్రతి వరద తర్వాతా అంచు దాకా టేపు పట్టాలి. అంచు మీద నిలబడి మాత్రం కాదు! కింద ఇసుక పొరని నీళ్ళు తొలిచేస్తే పైన మట్టి పెళ్ళలా గాల్లో వేలాడుతూ ఉంటుంది, మనిషి బరువుకి విరిగిపడుతుంది.

గట్టు ఎప్పుడు కూలుతుందో తెలుసా? వరద ఉధృతంగా ఉన్నప్పుడు కన్నా, దిగేటప్పుడు ఎక్కువ. నానిన గట్టుకి పక్కనున్న నీళ్ళ దన్ను ఒక్కసారి తగ్గిపోతుంది, లోపలి నీళ్ళ బరువుతో మట్టి జారిపోతుంది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక తీసేశారని ఊపిరి పీల్చుకునే ఆ నాలుగు రోజులే గట్టు మీద పశువుల్ని కట్టకూడని రోజులు.

నది వంపు తిరిగే చోట బయటి గట్టు కోతకి గురవుతుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. ఇది నది స్వభావం, ఆనకట్టలు లేని కాలంలోనూ ఉంది. అందుకే రెండు గట్లూ కొలవాలి. ఇటు పోయినంత అటు మేట వేస్తే నది పక్కకి జరుగుతోంది. ఇటూ అటూ రెండూ పోతుంటే, నది అడుగు కూడా లోతవుతుంటే, అది వేరే జబ్బు. దగ్గర్లో ఇసుక ర్యాంపు ఉందేమో, గట్టుకి ఎంత దగ్గరగా తవ్వుతున్నారో చూడండి. నది గర్భంలో పెద్ద గొయ్యి పడితే నీళ్ళు దాన్ని పూడ్చుకోవడానికి ఎగువ నుంచి, పక్కల నుంచి ఇసుక లాక్కుంటాయి. గొయ్యి తవ్విన చోటే గట్టు కూలాలని లేదు, కొంత ఎగువన ఉన్న వంతెన స్తంభం పునాదో, పక్క లంక గట్టో ముందు దెబ్బతినొచ్చు.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి తీరం లేదు, వాగులూ చెరువులూ ఉన్నాయి, పని అదే. హైదరాబాద్ వాళ్ళకైతే 1912 తర్వాత లియొనార్డ్ మన్ వేయించిన నగర పటాలు ఉన్నాయి, 1908 మూసీ వరద నాలుగేళ్ళ తర్వాత నుంచి వీధివీధీ కొలిచి వేసినవి. వాటి మీద ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టి చూస్తే ఏ నాలా ఎక్కడ సన్నబడిందో, ఏ కుంట మీద కాలనీ లేచిందో చూపుడు వేలితో చూపించొచ్చు.

ఇంతకీ కారణం ఎవరు?

అంకెలు చేతికొచ్చాక అందరూ చేసే పని, ఒక్క దోషిని వెతకడం. ఆగండి. ముందు మీ ఊరికి దక్షిణాన పది కిలోమీటర్లు, ఉత్తరాన పది కిలోమీటర్లు గూగుల్ ఎర్త్‌లో అదే పద్ధతిలో కొలవండి. ఒక పట్టికలో పక్కపక్కన పెట్టండి.

ఒక కట్టడానికి దక్షిణాన ఒడ్డు పెరిగి, ఉత్తరాన తరిగి ఉంటే, అదీ ఆ కట్టడం వచ్చాకే మొదలైతే, ఇసుక దారి అక్కడ ఆగింది. చెన్నైలో రేవు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. విశాఖలో పోర్టు 1933లో మొదలైంది, ఔటర్ హార్బర్ 1976లో వచ్చింది. రేవు దగ్గర ఆగిపోయే ఇసుకని డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తూ వస్తున్నారు, పోయకపోతే ఆ బీచ్ నిలవదు. ఇది మంచి పద్ధతే, కట్టడం ఆపిన దాన్ని మనిషి దాటించడం. ఉప్పాడ దగ్గర ఫిషింగ్ హార్బర్ కోసం వేసిన రాతి గోడలకి అటూ ఇటూ కూడా ఇప్పటి నుంచే కొలతలు మొదలుపెట్టాలి, ఐదేళ్ళ తర్వాత కాదు.

అంతటా ఒకేలా తరుగుతూ ఉంటే రాక తగ్గిందని, అంటే ఎగువన రిజర్వాయర్ల వైపు చూడాలి. కృష్ణా డెల్టా చివర్లలో ఇది కనిపిస్తుంది. తుపాను తర్వాత దిగి, ఏడాదిలోపు మళ్ళీ పాత చోటుకొస్తే అది ఒడ్డు ఊపిరి తీసుకోవడమే, దానికి కంగారు పడి రాళ్ళు పోయకండి.

ఉప్పాడ వీటన్నిటికన్నా చిక్కు కేసు. కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్, గౌతమి పాయ తెచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దాల్లో ఉత్తరానికి సాగుతూ పెరిగిన 16 కిలోమీటర్ల దిబ్బ. దాన్ని మనిషి కట్టలేదు. అది కాకినాడకి పెద్ద తుపాను అలల నుంచి కాపు కాస్తోంది, దాని వెనక కోరంగి మడ అడవులు పెరిగాయి. కానీ నది ఇసుక ఆ దిబ్బలోనూ దాని వెనక బేలోనూ చిక్కుకుని ఉప్పాడకి అందడం తగ్గింది, అలలు దిబ్బ కొసని చుట్టి వంగి ఉప్పాడ వైపు ఒడ్డుని కొడతాయి. దీనికి తోడు 1990ల్లో వచ్చిన లోతునీటి రేవు అలల అడ్డుగోడలు, నౌకల కాలువ డ్రెడ్జింగు, ఎగువన తగ్గిన ఒండ్రు. ప్రకృతి మొదలుపెట్టినదాన్ని మనిషి వేగం చేశాడని నా అంచనా. 2010 ప్రాంతంలో వేసిన జియో ట్యూబ్ గోడ (ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలు) తర్వాతి తుపాన్లకి చితికిపోయింది, రాళ్ళు పోస్తే రోడ్డు కొన్నాళ్ళు నిలిచింది, ఆ రాళ్ళు ఆగిన చోటు నుంచి పక్కకి కోత జరిగింది. గోడ వెనకున్నది నిలుస్తుంది గానీ గోడ ముందు బీచ్ మిగలదు. పడవ లాగడానికి, వల ఆరబెట్టడానికి చోటు పోయిన మత్స్యకారుడికి గోడ సగం మేలే చేస్తుంది.

ఇంకోటి, పెరగడం కూడా మార్పే. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 ఉప్పెన దెబ్బకి, ఆ తర్వాత ఒండ్రు మేటలకి అణగారిపోయింది. సముద్రం దూరమైనా ఊరు చెడుతుంది. దేశం మొత్తం మీద చెన్నైలోని తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా లెక్క తీస్తే తీరంలో మూడో వంతు కోతలో ఉంది, నాలుగో వంతుకి పైగా పెరుగుతోంది, మిగతాది నిలకడగా ఉంది. మీ ఊరు ఈ మూడింట్లో దేనిలో ఉందో మీ పట్టిక చెబుతుంది.

ఈ లెక్కతో ఏం చేయాలి

ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి స్కూల్లో, ఒకటి ఊరి బయట ఎవరి దగ్గరైనా పెట్టండి. కంప్యూటర్ ఫైలు ఒక్కటే ఉంచుకోకండి, ఫొటోలు వేసిన తేదీలతో ప్రింటు తీయండి.

మీ తీరంలో పోర్టు, హార్బర్, పెద్ద ఫ్యాక్టరీ లాంటిది వస్తోందంటే, పర్యావరణ అనుమతి అవసరమైన వాటిలో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. ఆ రోజు వేదిక ముందు "మా ఊరు పోతుంది" అనే మాట ఒక్కటే అంటే మినిట్స్‌లో ఒక లైను రాసి వదిలేస్తారు. పట్టిక చేతికిచ్చి, ఈ మూడూ అడగండి: ఈ అడ్డుగోడకి దక్షిణాన ఏడాదికి ఎంత ఇసుక ఆగుతుందని మీ అంచనా? ఆ ఇసుకని ఉత్తరానికి దాటించే ఖర్చు ప్రాజెక్టులో ఎక్కడ రాశారు? ఉత్తరాన ఎన్ని కిలోమీటర్ల దాకా ఒడ్డుని, ఎన్నేళ్ళ పాటు కొలుస్తారు? రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తీర ప్రాంత నియంత్రణ పటాల్లో పోటు గీత మీ ఊరి దగ్గర ఎక్కడ వేశారో కూడా చూసుకోండి. ఆ గీత నుంచే ఇల్లు కట్టొచ్చా లేదా అన్నది తేలుతుంది, అది వేశాక ఒడ్డు జరిగి ఉంటే మీ కొలతలు జతచేసి అభ్యంతరం పెట్టండి.

పక్క ఊరి వాళ్ళకి కూడా ఒక ప్రతి ఇవ్వండి, ముఖ్యంగా ఉత్తరాన ఉన్నవాళ్ళకి. మీరు అడిగి వేయించుకునే రాళ్ళ గోడ చివర కోత మొదలయ్యేది వాళ్ళ ఒడ్డునే, కాబట్టి గోడ అడిగేముందే ఇద్దరూ కలిసి కూర్చుని ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాట్లాడుకోవాలి. వచ్చే అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో చూసి, ఆ రోజు పాటు వేళకి మొదటి కొలత తీయండి.